మునసబు కోర్టులో పడుగు

బరంపురంలో మా గోసాని నువాగాం వీధి చివరింటి అమ్మాయి జడ్జీ పరీక్ష పాసైంది. మిఠాయి పొట్లం పట్టుకొచ్చి, నా కాళ్ళకు దండం పెట్టి, "సివిల్ జడ్జి, జూనియర్ డివిజన్ అంకుల్," అంది.

"మునసబువన్నమాట," అన్నాను.

"అదేటి అంకుల్?"

నా ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. నా వయసంతా ఆ పేరు కింద కరిగిపోయింది, అదే కుర్చీలో కూర్చోబోయే మనిషికి ఆ పేరే తెలియదు. పిల్ల మంచిది. నా మొహం చూసి ఏదో పొరపాటు జరిగిందని గ్రహించి, "మీ అనుభవాలు నాలుగు సెప్పండి అంకుల్, నాకు పనికొత్తాయి," అని సర్దుకుంది.

అనుభవాలంటే ప్రమోషన్లు, పెద్దవాళ్ళ పక్కన నిలబడి దిగిన ఫోటోలు అని జనం అనుకుంటారు. నా దగ్గర అవి పెద్దగా లేవు, ఉన్నవాటిని చెదలు తినేశాయి. చట్టం ఏమంటుందో పుస్తకాల్లో ఉంటుంది, అది నేను చెప్పక్కర్లేదు. ఆ ఉద్యోగం అసలు ఎలా ఉండేదో మాత్రం చెబుతాను. మోకాళ్ళ నొప్పులతో మధ్యాహ్నం పూట నిద్ర పట్టదు, మరేం పనీ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

పేరు

సివిల్ కోర్టుల్లో అందరికన్నా కింది మెట్టు మీద కూర్చునే జడ్జి మునసబు. ఆస్తి తగాదాతో మనిషి కోర్టు గుమ్మం తొక్కితే మొదట కనబడే మొహం ఆయనదే. గట్టు తగాదాలు, ఇంటి వాటాలు, అద్దె గొడవలు, నోటు దావాలు, ఇవే ఆయన పని. ఆస్తి విలువ కాస్త పెద్దదైతే ఆ దావా పై కోర్టుకు పోతుంది. గంజాం జిల్లా మద్రాసు కింద ఉన్న కాలం నుంచీ ఆ పేరు ఇక్కడ ఉంది. ఒడిశాలో కలిశాకా ఉంది, స్వతంత్రం వచ్చాకా ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఎవరికో అది పాతబడినట్టు తోచింది, తీసేశారు. బోర్డు మీద పేరు చెరిపి కొత్త పేరు రాశారు. బయట టీ కొట్టువాడు మాత్రం ఇప్పటికీ మునసబు కోర్టు అనే అంటాడు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు పాత్రపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే మా పెదనాన్నకు చెప్పడానికి వెళ్ళాను. ఆయన ఎద్దుల్ని కడుగుతూ విన్నాడు.

"మునసబా? మా ఊళ్ళో ఉండీవోడు కదరా మునసబు. సిస్తులు వసూలు సేసుకునీవోడు. దానికింత సదువెందుకు? ఆడు నాలుగో తరగతి."

ఊరి మునసబు వేరనీ, కోర్టు మునసబు వేరనీ, నేను జడ్జీననీ ఎండలో నిలబడి చాలాసేపు చెప్పాను. అంతా విని, "అలాగా. అయితే మన గట్టు గొడవ నువ్వే తేల్చీ," అన్నాడు. అది కుదరదని చెప్పాను. సొంతవాళ్ళ గొడవ సొంతవాడు తేల్చకూడదన్న సంగతి ఆయన బుర్రకు చివరిదాకా ఎక్కలేదు. "మనోళ్ళకి పనికిరాని ఉజ్జోగం ఏటి ఉజ్జోగం," అనుకుంటూ ఎద్దు వీపు రుద్దుకున్నాడు.

పేరుకు అర్థం చెప్పింది బరంపురం కోర్టు బారులో అందరికన్నా పెద్ద వకీలు, ఖాదర్ సాహెబు. నేను కొత్తగా చేరినప్పుడు మర్యాదకు పలకరించడానికి నా గదికి వచ్చారు.

"హుజూర్, మున్సిఫ్ అంటే ఇన్సాఫ్ చేసేవాడు. అరబ్బీ మాట. వెనక్కి తవ్వుకుంటూ పోతే అందులో సగం అనే మాట ఉంది. ఇద్దరికీ చెరి సగం సరిగ్గా పంచేవాడని అర్థం," అన్నారు.

నేను తెగ సంబరపడిపోయాను. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను. "మీ జీతం కూడా అలాగే లెక్క కట్టినట్టున్నారు," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుర్చీ

ఆ కుర్చీలో నాకు బాగా గుర్తున్నది అలసట. కొండలెక్కితే వచ్చే అలసట కాదు, కూర్చుని వచ్చేది. పైన పంకా తిరుగుతూ ఉంటుంది, గాలి మాత్రం కాగితాలకే తగులుతుంది. వకీలు వాయిదా అడుగుతాడు. అవతలి వకీలు వద్దంటాడు, వచ్చే వాయిదాకు అతనే అడుగుతాడు. తండ్రి వేసిన దావాలో కొడుకు వచ్చి వేలిముద్ర వేస్తాడు. కొన్నాళ్ళకు ఏ గట్టు ఎవరిదో, ఏ ఊరి కాలువ ఎటు పారుతుందో అన్నీ ఒకేలా వినబడతాయి. అలా వినబడడం మొదలైన రోజు జాగ్రత్తగా ఉండమ్మా. తప్పులు ఆ రోజునే జరుగుతాయి.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. సరిహద్దు ఊళ్ళ సాక్షులు తెలుగు మాట్లాడతారు, వకీలు ఒడియాలో అడుగుతాడు, మనం ఇంగ్లీషులో రాసుకుంటాం. "మా అయ్య దున్నీవోడు, నానూ దున్నుతున్నాను," అని ముసలాడు అంటే నా కాగితం మీద అది 'సాగులో ఉన్నారు' అని పడేది. అయ్యా పోయాడు, ముసలాడూ పోయాడు, సాగు మిగిలింది. తెలుగు తెలిసినవాణ్ణి కనుక నాకది తెలిసేది. తెలియని మునసబులకు ఏం పోయిందో కూడా తెలిసేది కాదు.

నా మొదటి జిల్లా జడ్జిగారు ఒక సలహా ఇచ్చారు. "బెంచి మీద నవ్వకండి. మీరు నవ్వితే ఇద్దర్లో ఒకడు తనే గెలిచాననుకుంటాడు," అన్నారు. మంచి సలహాయే. పాటించాను. మరీ ఎక్కువగా పాటించాను కామోసు, ఇప్పుడు మా మనవరాలు నా ఫోటోలు చూసి, "ఇందులో ఎవరి మీద కోపం తాతా?" అని అడుగుతుంది.

ఇంకొకటి, ఒంటరితనం. గేట్ బజార్‌కు వెళ్ళి నాలుగు గజాల గుడ్డ కొనుక్కోవడానికి లేదు. కొట్టువాడు డబ్బు తీసుకోనంటాడు, మర్నాడు వాడి పేరు మన కేసుల్లో కనబడుతుంది. మా ఆవిడే వెళ్ళేది, తను ఎవరో చెప్పకుండా. ఊళ్ళో అందరూ దండం పెడతారు, ఎవరూ పక్కన కూర్చోరు. నాకు పెళ్ళిళ్ళకు పిలుపులు వచ్చేవి, నేను వెళ్ళనని తెలిసే పంపేవాళ్ళు.

సొంత జిల్లాలో మునసబు పోస్టింగు ఇవ్వరు. మా నాన్న రైల్వే గుమాస్తా, నేను పెరిగింది ఖుర్దా రోడ్ క్వార్టర్లలో, కాగితాల మీద నా ఊరు అదే. అందుకే బరంపురం వేశారు. మా అమ్మ పుట్టిల్లు మాత్రం బరంపురమే. ఎండాకాలం సెలవులన్నీ అమ్మమ్మ గారింట్లో, మగ్గాల చప్పుడు మధ్య గడిచాయి. ఆ సంగతి ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెప్పబోయే కేసుకు అది కావాలి.

గుంత మధ్యన గీత

బరంపురం పాత వీధుల ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా, ఒక గది వెనక ఒక గది, అన్నిటికీ చివర బావి. పక్కింటి గోడే మనింటి గోడ. అలాంటి ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు పట్టుచీరలు నేసేవాళ్ళు. తండ్రి తవ్వించిన మగ్గం గుంత ముందు గది నడుమ ఉంది. నేసే మనిషి ఆ గుంతలోకి కాళ్ళు దించుకుని కూర్చుంటాడు, తొక్కుడు కర్రలు గుంతలోనే ఉంటాయి. గుంత లేకపోతే ఆ మగ్గం లేదు.

అన్న లింగయ్యకు మోకాళ్ళు పోయాయి. మగ్గం దిగి, గేట్ బజార్‌లో కొడుకు భాస్కర్రావు పెట్టిన బట్టల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. తమ్ముడు చిన్నవయసులోనే పోయాడు. అతని భార్య నూకరత్నం. నేత ఇళ్ళ ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలు సవరిస్తారు, గుంతలోకి దిగి నెయ్యడం మాత్రం అప్పట్లో అరుదు. ఈవిడ దిగింది. ఇద్దరు పిల్లలు, ఆ మగ్గం తప్ప ఇంకో ఆధారం లేదు.

వాటా కావాలన్నది భాస్కర్రావు. ముందు గదిలో రెండో కొట్టు పెట్టాలని. దావా వేసింది లింగయ్య పేరున. అది నాకు ముందున్న మునసబు హయాంలో జరిగింది. ఇల్లు కొలవమని కోర్టు కమిషనరుగా పంపిన కుర్ర వకీలు టేపు పెట్టి కొలిచి, ఇద్దరికీ వీధి గుమ్మం ఉండేలా ఇంటిని నిలువునా చీల్చి గీత గీశాడు. అంగుళం తేడా లేదు. గీత మగ్గం గుంత నడుమ నుంచి పోయింది. గుంతను ప్లానులో 'పల్లం' అని రాశాడు. పల్లమే కదా అని ఎవరూ అడ్డుచెప్పలేదు. మునసబు సంతకం పెట్టాడు, అప్పీలు గడువు దాటిపోయింది, ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆ గీత మీద గోడ కట్టించి, ఎవరి సగం వాళ్ళకు అప్పజెప్పే పని నాకు మిగిలింది.

ఇక్కడ చట్టం ఏమిటంటే, అమలు చేసే కోర్టు డిక్రీలోకి తొంగిచూడకూడదు. తప్పయినా సరే, ఉన్నది ఉన్నట్టు జరిపించాలి. అలా లేకపోతే ఏ తగాదాకూ అంతు ఉండదు. ఆ సూత్రం సరైనదేనని నేను ఇప్పటికీ అంటాను. ఆ కేసులో మాత్రం అది నాకు రుచించలేదు.

స్వాధీనాలు ఇప్పించే కోర్టు అమీను తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చేశాడు.

"ఏమైంది?" అన్నాను.

"మగ్గం మీద పడుగు ఉంది హుజూర్. గోడ కట్టాలంటే పోగులు కొయ్యాలి. మేస్త్రీ చూసి తాపీ కింద పెట్టేశాడు. నన్ను కొయ్యమంటారా?" అన్నాడు. అతను ఒడియా మనిషి, పుట్టి పెరిగింది మాత్రం బరంపురమే. నేను కొయ్యమంటానేమో అని అతని భయం.

పడుగంటే చీర పొడవునా పోయే పోగులు, మగ్గం ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి ఉంటాయి. నేత వీధుల్లో పడుగు ఉన్న మగ్గాన్ని కదపరు. ఇంట్లో పెళ్ళి వచ్చినా, చావు వచ్చినా, పడుగు దిగిన తర్వాతే ఆ మగ్గం మీద ఇంకెవరైనా చెయ్యి వేసేది. అన్నదమ్ములు తన్నుకున్నా ఆ ఒక్క నియమం తప్పరు.

భాస్కర్రావు కోర్టుకొచ్చి గొడవ పెట్టాడు. అమీనుకు ముట్టజెప్పారన్నాడు. నేనే వెళ్ళి చూస్తానన్నాను.

వెళ్ళేసరికి వీధి వీధంతా అరుగుల మీద ఉంది. ముందు గదిలో ఎర్ర పట్టు పడుగు కిటికీ వెలుతురులో మెరుస్తోంది. గుంత పక్కన నూకరత్నం కొంగు నిండా కప్పుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. గుమ్మంలో లింగయ్య ఉన్నాడు, అందుకు. ఒడియా ఇళ్ళల్లో మరదలు బావగారి ఎదుట మొహం చూపదు, నోరెత్తదు. ఆ అలవాటు బరంపురం తెలుగువాళ్ళకూ అంటుకుంది. ఒకే ఇంట్లో అన్నేళ్ళుండీ వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

"ఏమంటావమ్మా?" అన్నాను.

ఆవిడ గోడతో చెప్పింది. "నానేటంటాను బాబూ. కోర్టు ఏటి సెప్తే అదే. పడుగు దిగనీయండి. మద్దిలో కొయ్యనీకండి. అంతే నాను అడిగీది."

లింగయ్య వైపు తిరిగాను. ఆయన నన్ను చూడలేదు, పడుగు వైపే చూస్తున్నాడు.

"పడుగు దిగాకే," అన్నాడు. "అలాగే రాసీయండి."

"ఎన్నాళ్ళు నాన్నా?" అన్నాడు భాస్కర్రావు.

"దిగినన్నాళ్ళు."

"అంటే?"

"మగ్గం మొగం సూడకుండా కొట్లో కూకున్నావు గానీ, నువ్వూ ఈ ఇంట్లోనే పుట్టినావు. పడుగు కోత్తావేటి? కోత్తే కొయ్యి. నా ఎదురుగా కొయ్యి."

భాస్కర్రావు గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. చిన్నప్పటి నుంచీ బడికెళ్ళి చదువుకున్నవాడు, గుంతలో కాలు పెట్టినవాడు కాదు. లింగయ్య తరఫు వకీలు ఖాదర్ సాహెబే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

నాకు తెలిసింది ఇక్కడ చెప్పాలి. పడుగు చివరికొచ్చినప్పుడు మగ్గాన్ని ఖాళీ చెయ్యరు. పాత పోగుల కొసలు మగ్గంలో ఉండగానే కొత్త పోగుల్ని తెచ్చి, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో పోగునీ ఒక్కో పోగుకు మెలిపెట్టి అతుకుతారు. పాతది నేస్తూ పోతే దాని వెంట కొత్తది లోపలికొస్తుంది. మళ్ళీ అన్నీ కొత్తగా ఎక్కించుకునే బాధ తప్పుతుంది. మా అమ్మమ్మ వీధిలో అరుగు మీద కూర్చుని ఎన్ని మధ్యాహ్నాలు ఆ పని చూశానో. అతికేవాళ్ళు ఉన్నంతకాలం పడుగు దిగదు.

కోర్టుకొచ్చి ఇద్దరి సమ్మతితో ఉత్తర్వు రాశాను. మగ్గం మీదున్న పడుగు దిగిన తర్వాత స్వాధీనం ఇప్పించవలసింది. లింగయ్య, నూకరత్నం ఇద్దరూ వేలిముద్రలు వేశారు.

ఇది గొప్ప తెలివి అని చెప్పడం లేదు. గీతను జరిపే అధికారం నాకు లేదు. ఎప్పుడు జరగాలో చెప్పే అధికారం కొద్దిగా ఉంది. మునసబు చేతిలో చాలాసార్లు ఉండేది అంతమాత్రమే. ఆ కొద్దిని ఎలా వాడాలో ఎవరూ నేర్పరు. నువ్వూ ఇలాగే చెయ్యమని నేను అనను. నాకు ఆ వీధి తెలుసు గనక చేశాను. తెలియని వీధిలో ఇలాంటి వేషాలు వేస్తే పిల్లలున్న ఇంకో ఇల్లు కూలుతుంది.

తనిఖీ

తర్వాత జిల్లా జడ్జిగారు మారారు. కొత్తాయన బాగా చదువుకున్న మనిషి, నిజాయితీపరుడు, నిప్పులాంటివాడు. ఆయనతో పని చేసినన్నాళ్ళూ నాకు అజీర్తి చేసింది. తనిఖీకి వచ్చి, పాత అమలు కేసులన్నీ ముందు పెట్టమన్నారు. లింగయ్య కేసు దగ్గర ఆగారు.

"ఏమిటిది? వార్ప్ దిగాక అంటే?"

"మగ్గం మీద నేత పూర్తయ్యాక సార్."

"ఒక పడుగు నెయ్యడానికి ఎంతకాలం పడుతుంది?"

"మూడు నాలుగు చీరలు దిగుతాయి సార్. పనిని బట్టి ఒకటి రెండు నెలలు."

అది అబద్ధం కాదు. ఆయన లెక్క వేసుకున్నారు. ఉత్తర్వు రాసి అప్పటికే ఏడాది దాటింది.

"మరి ఇంకా దిగలేదేం?"

"దిగినట్టు ఏ పక్షమూ చెప్పలేదు సార్."

ఆయన కలం మూత పెట్టి కుర్చీలో వెనక్కి వాలారు. నా వెనకాల మా పేష్కార్, అంటే బెంచి గుమాస్తా, సర్దిన ఫైళ్ళనే మళ్ళీ సర్దడం మొదలెట్టాడు.

"మీరు మునసబు. కులపెద్ద కారు. చెట్టు కింద పంచాయితీ కోసం ప్రభుత్వం మీకు జీతం ఇవ్వడం లేదు. ఈ ఉత్తర్వు నా చేతికి వచ్చి ఉంటే కొట్టేసేవాణ్ణి," అన్నారు.

"సార్," అన్నాను.

"డిక్రీ పొందినవాడు ఫిర్యాదు చేశాడా?"

"లేదు సార్."

అదే ఆయనకు కొరుకుడు పడలేదు. గెలిచినవాడు నోరు మెదపడం లేదు, ఓడినావిడ మగ్గం నేసుకుంటోంది. నా పని మీద ఆయన రాసిన వ్యాఖ్య నాతోపాటు చాలా ఊళ్ళు తిరిగింది. ఆయన అన్న మాట తప్పని నేను అనను. ప్రతి మునసబూ తన అమ్మమ్మ వీధి జ్ఞానంతో ఉత్తర్వులు రాయడం మొదలెడితే కోర్టు ఎందుకు? 

ఆ వేసవిలోనే నాకు బదిలీ అయింది. మామూలు బదిలీయే. తర్వాత ఎన్నో ఊళ్ళు, ఎన్నో కుర్చీలు. ఎక్కడైనా పెళ్ళిలో బరంపురం పట్టు కనబడితే ఆ మగ్గం గుర్తొచ్చేది. గోడ పడిపోయి ఉంటుందనే అనుకునేవాణ్ణి. అడగడానికి మొహమాటం, అడిగినా చేసేదేం లేదు. నిజం చెప్పొద్దూ, అడిగే ఓపిక కూడా ఉండేది కాదు.

పోయిన చలికాలం

రిటైరయ్యాక మా ఆవిడ పోరు మీద బరంపురంలోనే స్థిరపడ్డాం. పోయిన చలికాలం ఒక ఉదయం మా గుమ్మం ముందు ఆటో ఆగింది. జుట్టు పూర్తిగా తెల్లబడిన ఒక ముసలావిడ దిగింది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, గోడ పట్టుకుని నడిచింది.

"మునసబు బాబు ఇల్లిదేనేటి?"

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. గొంతు నాకు తెలిసింది, మొహం తెలియలేదు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు కదా. ఈసారి కొంగు మొహానికి అడ్డం లేదు.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, చెప్పింది.

"పడుగు దిగిపోనాది బాబూ."

 ఇన్నేళ్ళా అని అడగబోయి ఆగాను.

"మా బావ పోయినాడు. కర్మలయిపోనాయి. ఇంక అతికీవోలు నేరు."

"నీ పడుగు అతికింది లింగయ్యా?"

"మరెవులు? నాకు నెయ్యడం వచ్చు గానీ అతకడం వచ్చునేటి? మా ఆయన నేర్పనేదు, అంతలోకే పోయినాడు. పడుగు కొసకొచ్చిన రోజు దువ్వారం దగ్గిర బూడిద సిప్ప పెట్టీదాన్ని. మా బావ సూసీవోడు. భాస్కర్రావు కొట్టుకెల్లాక, పగలు అన్నం తిని ఒచ్చి, మగ్గం ఎనకాల కూకుని అతికీసి ఎల్లిపోయీవోడు. నాను ఈలోగా లోపలి గదిలో ఉండీదాన్ని. మాటా మంతీ ఏటీ నేదు. ఆ మోకాల్లతోటి ఎలాగ కూకునీవోడో."

"భాస్కర్రావుకు తెలీదా?"

"కొన్నాల్లకి తెలిసుంటాది. గుంటడు ఏటీ అన్నేదు. బజార్లో పెద్ద కొట్టు దొరికింది, ఇక్కడికి రావడం మానీసినాడు." ఆవిడ చీర కొస వేలికి చుట్టుకుంది. "నిన్న కోర్టుకెల్లినాను. పడుగు దిగింది, గుంత అప్పజెప్తాను అన్నాను. అక్కడ పేష్కార్ నవ్వినాడు. ఆ కేసు ఎప్పుడో కొట్టీసినారు, పో మామ్మా అన్నాడు. మునసబు ఎక్కడంటే, మునసబు అంటే ఎవులు అన్నాడు."

"ఆ పేరిప్పుడు లేదమ్మా."

"మీరున్నారు కదా. అందుకే అడిగి అడిగి ఒచ్చినాను."

నేను నెమ్మదిగా చెప్పాను. అమలు కోసం ఎవరూ తిరగకపోతే కేసు పోతుంది. గడువు కూడా ఎప్పుడో దాటింది. ఇప్పుడా గుంత అప్పజెప్పమని నిన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు. నువ్వు నీ ఇంట్లో హాయిగా ఉండొచ్చు.

"ఎవులూ అడగరని నాకు తెలుసు బాబూ. కల్లు కూడా పోనాయి, మగ్గం నాకెందుకు? ఏలిముద్ర ఏసినాను కదా, అందుకు ఇచ్చీయాల. భాస్కర్రావుకే ఇచ్చీత్తాను, బండి పెట్టుకుంటాడో ఏటి సేసుకుంటాడో. దానికి కాదు మీ దగ్గిరికి ఒచ్చింది."

"మరి?"

ఆవిడ కుర్చీ చివరికి జరిగింది. తర్వాత అడిగింది. "పడుగు దిగాక ఇచ్చీత్తామని సెప్పి, దిగకుండా అతుక్కుంటా పోనాము. నాను అతికించుకున్నాను, మా బావ అతికినాడు. అది మోసమేనా బాబూ? మా బావ మోసం సేసి పోయినాడని అనుకోవాలా? ఆ ఒక్క మాటే నాకు నిద్ర పట్టనీడం నేదు."

ఎన్నో తీర్పులు రాశాను. ఒక మనిషి తీర్పు కోసం ఇంత ఆత్రంగా నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి. అది కూడా ఏ అధికారమూ లేని నా మొహంలోకి.

"నాకు తెలుసమ్మా," అన్నాను.

"ఏటి తెలుసు?"

"పడుగు అతుకుతారని. రాసినప్పుడే తెలుసు. మా అమ్మమ్మది మీ పక్క వీధి."

ఆవిడ తల పైకెత్తింది. కళ్ళు ఆనకపోయినా నన్నే వెతుక్కుంది.

"మీకు తెలుసు. మా బావకి తెలుసు. నాకు తెలుసు. మరి తెలీంది ఎవులికి బాబూ?"

"కోర్టుకమ్మా."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది. ఆటో దాకా దింపాను. ఎక్కి కూర్చున్నాక నా వైపు తిరిగింది.

"అయితే ఇప్పుడు సెప్పీయండి కోర్టుకి. ఇంక మా బావని ఎవులూ ఏటీ అనరు కదా."

మిఠాయి తెచ్చిన అమ్మాయికి రేపు ఈ కాగితాలు ఇస్తాను. ట్రైనింగు అయ్యాక ఏ ఊళ్ళో వేసినా, ఆ కుర్చీలో కూర్చునే కోర్టు తనే కదా.